డీజిల్ బండా, గ్యాస్ బండా? లోడ్ లాగే బండి స్పెక్ షీట్ చదవడం నేర్చుకుందాం

ఇంట్లో ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు మిమ్మల్నే అడుగుతారు కదా. ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, అన్నీ మీరే చెప్తారు. ఆ చనువుతోనే ఏదో ఒక రోజు నాన్నో బాబాయో ఇంకో ప్రశ్న వేస్తారు: "లోడ్ బండి తీసుకుందాం అనుకుంటున్నాంరా. డీజిల్‌దా, గ్యాస్‌దా? నువ్వు కాస్త నెట్‌లో చూసి చెప్పు."

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఫోన్ తప్పు చెప్తే పోయేది 20 వేలు. బండి సంగతి అలా కాదు. 7 లక్షల ఫైనాన్స్, 11 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుంటే నెలకు కిస్తీ 15 వేలు దాటుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా అది కట్టాల్సిందే. కాబట్టి ఈ పాఠంలో మనం స్పెక్ షీట్‌లోని అంకెల్ని ఒక ఊరి రోడ్డు మీదకి తీసుకెళ్లి చూద్దాం. ఆ ఊరు జంపని. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో, వేమూరు మండలంలో ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా కిందకి వచ్చింది. చుట్టూ వరి, మినుము, మొక్కజొన్న. ఒకవైపు తెనాలి నిమ్మకాయల మార్కెట్, దుగ్గిరాల పసుపు యార్డు, ఇంకోవైపు కొల్లూరు లంకల అరటి, కింద నిజాంపట్నం హార్బర్. అంటే లోడ్ బండికి పని దొరకని నెల దాదాపు ఉండదు.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం

యూట్యూబ్‌లో ఈ టాపిక్ వెతికితే ముందు వచ్చేవి అమెరికా వీడియోలే. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటి పెద్ద పికప్‌లు, వెనక ఇల్లంత ట్రైలర్, టైటిల్‌లో "డీజిల్ వర్సెస్ గ్యాస్". అక్కడ గ్యాస్ అంటే పెట్రోల్. గ్యాసొలిన్‌ని పొట్టి చేశారు, అంతే. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు "గ్యాస్ కొట్టించుకొని వస్తా" అంటే సిలిండర్ గుర్తు తెచ్చుకోకండి. మన దగ్గర గ్యాస్ బండి అంటే సీఎన్‌జీ. 200 బార్ ప్రెషర్ దగ్గర సిలిండర్లో కుక్కిన సహజవాయువు. లీటర్లలో కాదు, కేజీల్లో అమ్ముతారు.

అయినా ఆ వీడియోలు పనికిరావని కాదు. పెట్రోల్ ఇంజిన్, సీఎన్‌జీ ఇంజిన్ రెండూ స్పార్క్ ప్లగ్‌తో మండేవే. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కి ఆ వేడితోనే ఇంధనాన్ని మండిస్తుంది. అసలు పోటీ ఈ రెండు పద్ధతుల మధ్య. అందుకే అక్కడి పాఠం సగం ఇక్కడా పనిచేస్తుంది. ఏ సగం అన్నదే చూడాలి.

టార్క్ పెద్దదైతే బండి పెద్దదా?

ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 6.7 లీటర్ డీజిల్ ఇంజిన్ 475 హెచ్‌పీ, 1,050 పౌండ్-ఫీట్ టార్క్ ఇస్తుంది. మన లెక్కలో దాదాపు 1,424 ఎన్ఎం. అదే బండిలో 7.3 లీటర్ పెట్రోల్ ఇంజిన్ 430 హెచ్‌పీ, 485 పౌండ్-ఫీట్, అంటే 658 ఎన్ఎం దగ్గర. హార్స్‌పవర్‌లో తేడా పదో వంతు. టార్క్‌లో మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ. ఇదెలా?

ఒక్క ఫార్ములా గుర్తుపెట్టుకుంటే చాలు: టార్క్‌ని (ఎన్ఎం) ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. డీజిల్ 1,600 ఆర్‌పీఎం దగ్గరే 1,424 ఎన్ఎం ఇస్తుంది కాబట్టి అక్కడే 324 హెచ్‌పీ చేతిలో ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ అంత పవర్ ఇవ్వాలంటే దాని ఆర్‌పీఎం రెట్టింపు దాటాలి. ఇద్దరూ ఒకే బరువు లాగగలరు. ఒకరు మాట్లాడుకుంటూ లాగుతారు, ఇంకొకరు రొప్పుతూ లాగుతారు.

ఆ తేడా ప్రాణం మీదకి వచ్చేది కొండ మీద. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ ఉంది. ఎత్తు 11,158 అడుగులు, దారి 7 శాతం వాలు. అమెరికా రివ్యూయర్లు ట్రైలర్ తగిలించి అక్కడికే ఎక్కిస్తారు. అంత ఎత్తులో గాలి పలచన. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. అంటే పైకి చేరేసరికి మూడో వంతు మాయం, 430 కాస్తా 300 లోపే. బండి, ట్రైలర్ కలిపి పదిన్నర టన్నులు ఆ వాలు మీద 80 స్పీడ్‌లో ఎక్కాలంటే సుమారు 300 హెచ్‌పీ కావాలి. సరిగ్గా అక్కడే పెట్రోల్ చేతులెత్తేస్తుంది. డీజిల్‌కి టర్బో ఉంది కాబట్టి పలచని గాలిని కూడా నొక్కి మింగుతుంది. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ కూడా సాయం. దీని కోసమే అక్కడివాళ్లు డీజిల్ ఇంజిన్‌కి దాదాపు 10 వేల డాలర్లు అదనంగా పెడతారు.

జంపని నుంచి రేపల్లె దాకా కొండ ఎక్కడుందో చూపించండి మరి. 1916లో వేసిన రైలు మార్గం కూడా బల్లపరుపు నేల మీదే పోతుంది. మన బండి ఎక్కాల్సినవి కాలవ వంతెనలు, ఊళ్లలో ఫ్లైఓవర్లు, లంకల వైపు వెళ్తే కృష్ణ కరకట్ట. అంతే.

మన రోడ్డు అడిగే పవర్ ఎంత?

టాటా ఇంట్రా వీ20 తీసుకుందాం. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన బై-ఫ్యూయల్ పికప్ ఇది. 1.2 లీటర్ ఇంజిన్, పెట్రోల్ మీదా సీఎన్‌జీ మీదా నడుస్తుంది, పేలోడ్ 1,000 కేజీలు. పెట్రోల్ మీద 106 ఎన్ఎం, గ్యాస్ మీద 95 ఎన్ఎం. ఆ పది శాతం ఎక్కడికి పోయిందని డౌట్ రావాలి మీకు. గ్యాస్ సిలిండర్లోకి వెళ్లేటప్పుడు కొంత చోటు తనే ఆక్రమిస్తుంది, అంత మేరకు గాలి తక్కువ పడుతుంది. ఇంజిన్ లోపం కాదు, ఫిజిక్స్.

ఇదే వరసలో డీజిల్ బండి ఇంట్రా వీ30. 1.5 లీటర్ ఇంజిన్, 70 హెచ్‌పీ, 140 ఎన్ఎం, పేలోడ్ 1,300 కేజీలు. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు "140 ముందు 95 ఏంటి సార్" అంటాడు. అనడం వాడి పని. మనం లెక్క వేద్దాం.

లోడ్‌తో కలిపి రెండున్నర టన్నుల బండి, తారు రోడ్డు, 60 స్పీడ్. టైర్లు దొర్లడానికి దాదాపు 370 న్యూటన్లు, గాలిని చీల్చడానికి ఇంకో 350. మొత్తం కలిపి 12 కిలోవాట్లు, అంటే 16 హెచ్‌పీ. వీ20 గ్యాస్ మీద ఇచ్చేది 53. ఇక 5 శాతం వాలున్న ఫ్లైఓవర్‌ని 40 స్పీడ్‌లో ఎక్కితే 26 హెచ్‌పీ కావాలి. అదీ సగమే. ఒక గేర్ కిందకి వేస్తే సరిపోతుంది. తెనాలి వెళ్లి రావడానికి 140 ఎన్ఎం అక్కర్లేదు. గ్యాస్ బండి "పికప్ లేదు" అనేవాళ్లలో చాలామంది గేర్ మార్చడానికి బద్ధకించేవాళ్లే అని నా అభిప్రాయం. డీజిల్ అలవాటైన చెయ్యి మూడో గేర్‌లోనే వంతెన ఎక్కేద్దాం అనుకుంటుంది.

అయితే ఈ లెక్క రాసిన లోడ్‌కి. ఎక్కించిన లోడ్‌కి కాదు.

బస్తాల్లో చూస్తే

మన వైపు ధాన్యం బస్తా 75 కేజీలు. వెయ్యి కేజీల పేలోడ్ అంటే 13 బస్తాలు. 1,300 అంటే 17. బొలెరో మ్యాక్స్ పికప్‌లో పెద్ద మోడల్, టాటా యోధా 2.0 లాంటివి 2 టన్నుల దాకా వెళ్తాయి, అంటే 26 బస్తాలు. ఇప్పుడు నిజం చెప్పండి, కోతల టైమ్‌లో మీ ఊళ్లో ఏ బండి అయినా 13 బస్తాలతో ఆగుతుందా?

కరకట్ట ర్యాంపు దగ్గర ఇది తేలుతుంది. పది శాతం వాలు, కింద కాస్త మట్టి, బండి ఆగి మళ్లీ కదలాలి. వీ20 మొదటి గేర్, వెనక డిఫరెన్షియల్ కలిపి ఇంజిన్ టార్క్‌ని 18 రెట్లు చేస్తుంది అనుకుందాం. చక్రం దగ్గర వచ్చే తోపు 5,300 న్యూటన్ల దాకా ఉంటుంది. 13 బస్తాలతో ఆ ర్యాంపు అడిగేది 3,100. హాయిగా ఎక్కుతుంది. 25 బస్తాలు వేస్తే 4,300 అవుతుంది. కాగితం మీద ఇంకా మార్జిన్ ఉంది. కానీ ఇంజిన్ పూర్తి టార్క్ ఇచ్చేది 1,800 ఆర్‌పీఎం పైన, బండి కదలాల్సింది సున్నా నుంచి. ఆ మధ్య దూరాన్ని క్లచ్ మొయ్యాలి. రెండు సీజన్లు అలా మోస్తే క్లచ్ ప్లేట్ వాసన మీకే తెలుస్తుంది. డీజిల్ ఇంజిన్ కింది ఆర్‌పీఎంలోనే తన్నుతుంది కాబట్టి ఈ తప్పుని ఎక్కువసార్లు క్షమిస్తుంది. డీజిల్ గొప్పదనం అని మనం అనుకునేదాంట్లో పెద్ద వాటా ఈ ఓవర్‌లోడ్ క్షమాగుణమే.

చట్టం మాత్రం క్షమించదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20 వేలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకీ 2 వేలు. ఒక్కసారి పట్టుబడితే కిస్తీ కంటే ఎక్కువ పోయినట్టే. బ్రేకుల సంగతి వేరే చెప్పాలా? బ్రేక్‌కి డీజిల్, గ్యాస్ తేడా తెలీదు.

ఇంకో మాట. నిజంగా "లాగడం", అంటే వెనక ట్రైలర్ తగిలించి లాగడం, మన దగ్గర పికప్ పని కాదు, ట్రాక్టర్ పని. 45 హెచ్‌పీ ట్రాక్టర్ ధాన్యం నింపిన ట్రక్కుని బురద చేలోంచి లాక్కొస్తుంది. 70 హెచ్‌పీ పికప్ అక్కడే కూరుకుపోతుంది. కారణం ఇంజిన్ కాదు. ట్రాక్టర్ గేర్లు టార్క్‌ని పికప్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చేస్తాయి, బదులుగా స్పీడ్ పోతుంది. దానికి తోడు పెద్ద వెనక చక్రాలు, వాటి మీద బరువు. హెచ్‌పీ చూసి పికప్, ట్రాక్టర్‌ని పోల్చడం అంటే మెగాపిక్సెల్ చూసి కెమెరా కొనడమే. గ్యాస్ ఇక్కడికీ వస్తోంది: డీజిల్ ట్రాక్టర్‌ని సీఎన్‌జీకి మార్చి 2021 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చేతుల మీదుగా విడుదల చేశారు. కానీ చేలో ట్యాంక్ అయిపోతే డీజిల్ క్యాన్‌లో తెచ్చి పోస్తాం. గ్యాస్‌ని క్యాన్‌లో తేలేం. అందుకే ట్రాక్టర్ విషయంలో నా ఓటు ఇప్పటికీ డీజిల్‌కే.

అసలు పరీక్ష బంక్ దగ్గర

ఇప్పుడు డబ్బు లెక్క. రేట్లు ఊరికీ నెలకీ మారతాయి కాబట్టి కింద పెట్టినవి లెక్క నేర్చుకోవడానికి పెట్టిన అంకెలు. మీ బంక్ బోర్డు చూసి మీవి పెట్టుకోండి. డీజిల్ లీటర్ 97 రూపాయలు, లోడ్ మీద మైలేజ్ 13. గ్యాస్ కేజీ 90, మైలేజ్ 16. కిలోమీటర్‌కి డీజిల్ ఖర్చు 7 రూపాయల 46 పైసలు. గ్యాస్‌కి 5 రూపాయల 63 పైసలు. మిగులు 1 రూపాయి 83 పైసలు.

గ్యాస్‌కి మైలేజ్ ఎక్కువ ఎందుకొచ్చింది? ఒక కేజీ సీఎన్‌జీలో ఉండే శక్తి ఒక లీటర్ డీజిల్ కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. ఇంజిన్ సామర్థ్యంలో మాత్రం డీజిల్‌దే పైచేయి. మైలేజ్ పోల్చేటప్పుడు కేజీని లీటర్‌తో పోలుస్తున్నామని మర్చిపోవద్దు. అందుకే ఎప్పుడూ కిలోమీటర్‌కి రూపాయల్లోనే చూడండి.

రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే 2,000 కిలోమీటర్లు. మిగిలేది 3,660 రూపాయలు. కిస్తీలో పావు వంతు! వినడానికి బాగుంది కదా. ఆగండి, ఒక్క అంకె కలపలేదు మనం. బంక్ ఎంత దూరం?

ఒకసారి 16 కేజీలు ఎక్కిస్తే 256 కిలోమీటర్లు వస్తుంది. గ్యాస్ బంక్ మీరు రోజూ వెళ్లే దారిలోనే ఉంటే పైన చెప్పిన మిగులు మొత్తం మీదే. అదే బంక్ మీ దారికి 20 కిలోమీటర్లు పక్కన ఉందనుకోండి. పోను రాను 40 కిలోమీటర్లు ఖాళీ తిరుగుడు. పనికొచ్చేది 216 కిలోమీటర్లే. ఆ 216కి మీ గ్యాస్ ఖర్చు 1,440 రూపాయలు, డీజిల్ అయితే 1,612 అయ్యేది. మిగిలింది 172. కిలోమీటర్‌కి 80 పైసలు. సగం పైనే గాల్లో కలిసింది. ఇంకా క్యూలో నిలబడ్డ గంట లెక్కలోకి రాలేదు. నిమ్మకాయల వేలం టైమ్ దాటాక మార్కెట్‌కి చేరితే ఆ గంట ఖరీదు ఎంతో రైతుని అడగండి. రొయ్యల లోడ్ అయితే ఐస్ కరుగుతూనే ఉంటుంది, గ్యాస్ క్యూ చూసి ఆగదు.

బంకుల్లోనూ రెండు రకాలు. పైప్‌లైన్ మీద ఉన్నది ఒకటి, దానికి గ్యాస్ నేరుగా వస్తుంది. పైప్‌లైన్ లేని చోటికి సిలిండర్ల కట్టలున్న లారీలో తెచ్చి దించుతారు, దాన్ని డాటర్ స్టేషన్ అంటారు. ఈ రెండో రకంలో లారీ ఖాళీ అవుతున్న కొద్దీ ప్రెషర్ పడిపోతుంది. 200 బార్ ఎక్కాల్సిన చోట 150తో సరిపెడితే 16 కేజీల బదులు 12 దగ్గరే ఆగిపోతుంది. తర్వాతి లారీ వచ్చేదాకా పంపు బంద్. కొనేముందు బంక్ దగ్గరికెళ్లి "ఏ టైమ్‌కి ప్రెషర్ బాగుంటుంది అన్నా" అని ఆటోవాళ్లని అడగండి. ఏ వెబ్‌సైట్ కంటే వాళ్లే కరెక్ట్‌గా చెప్తారు. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ బంకులు చాలా ఏళ్లుగా ఉన్నాయి. వారానికి నాలుగు ట్రిప్పులు విజయవాడ కొట్టే బండికి ఈ బాధ సగం తీరినట్టే. ఊరి చుట్టూనే తిరిగే బండికి తీరదు.

బై-ఫ్యూయల్ కదా, గ్యాస్ లేకపోతే పెట్రోల్ మీద పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. కానీ మన రాష్ట్రంలో పెట్రోల్ రేటు డీజిల్ కంటే పైనే ఉంటుంది, మైలేజ్ తక్కువ. పెట్రోల్ మీద నడిచిన ప్రతి కిలోమీటరూ గ్యాస్ మీద మిగిల్చిన దాన్ని తినేస్తుంది. అది స్టెప్నీ టైర్ లాంటిది, రోజూ దాని మీదే తిరగడానికి కాదు.

మెయింటెనెన్స్, రెండు ముక్కల్లో

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక డీజిల్ బండి పాత డీజిల్ కాదు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న మోడల్స్‌లో, ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద వేడిగా సాగాలి. రోజంతా మూడేసి కిలోమీటర్ల ట్రిప్పులు, గోడౌన్ ముందు ఐడిలింగ్ అయితే ఫిల్టర్ నిండి వార్నింగ్ లైట్ వెలుగుతుంది. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌ని ఊరి మెకానిక్ స్పానర్‌తో బాగుచేసేవాడు. ఇప్పుడు స్కానర్ కావాలి. మీలాంటివాళ్లకి ఓబీడీ స్కానర్ సరదాగా ఉంటుంది గానీ, బండి ఆగిపోయిన రోజు కిరాయి పోతుంది.

గ్యాస్ బండికి సిలిండర్ హైడ్రో టెస్ట్ 3 ఏళ్లకోసారి తప్పనిసరి. డేట్ సిలిండర్ ప్లేట్ మీదే ఉంటుంది. స్పార్క్ ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్ విషయంలో బద్ధకిస్తే మైలేజ్ వెంటనే పడిపోతుంది. స్టీల్ సిలిండర్ల బరువు కూడా బండి మొయ్యాల్సిందే. అందుకే ఒకే సైజు బండిలో గ్యాస్ మోడల్ పేలోడ్ కాస్త తక్కువ రాసి ఉంటుంది.

ఎవరికి ఏది?

తెనాలి, విజయవాడ మధ్య కూరగాయలు, నిమ్మకాయలు, పార్శిళ్లు, కిరాణా సరుకు, లోడ్ టన్ను లోపు, రోజుకు 100 కిలోమీటర్లు పైన, బంక్ దారిలోనే. ఇలా అయితే గ్యాస్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. రోజుకు 150 తిరిగితే నెలకు 6,800 దాకా మిగులుతుంది, అది దాదాపు సగం కిస్తీ.

ధాన్యం, మొక్కజొన్న, పసుపు బస్తాలు, లంకల్లోంచి అరటి గెలలు, కరకట్ట ర్యాంపులు అయితే డీజిల్. అది కూడా 13 బస్తాల బండిలో 25 వేసే ఆలోచనతో చిన్న డీజిల్ కాదు. మొదటే 2 టన్నుల డీజిల్. నిజాంపట్నం నుంచి ఐస్ లోడ్‌కి కూడా డీజిలే చెప్తాను. అక్కడ టైమ్‌కి చేరడమే వ్యాపారం.

రోజుకు 40 కిలోమీటర్లు కూడా తిరగని బండికి మిగులు లెక్కే వృథా. నెలకు 1,800 కోసం క్యూలో నిలబడొద్దు. అలాంటప్పుడు తక్కువ రేటుకి దొరికే మంచి సెకండ్ హ్యాండ్ బండి చూడడం నయం, కిస్తీ భారం తగ్గుతుంది.

ఇక షోకు పికప్‌ల మాట. మన శ్రీసిటీలో 2016 నుంచి బండ్లు తయారుచేస్తున్న ఇసుజు వాళ్ల వీ-క్రాస్, 163 హెచ్‌పీ, 360 ఎన్ఎం, డీజిల్. టొయోటా హైలక్స్ 2.8 డీజిల్ 204 హెచ్‌పీ. అమెరికా వీడియోలు చూసినవాళ్ల కళ్లన్నీ వీటి మీదే ఉంటాయి. బాగుంటాయి, కాదనను. కిరాయికి మాత్రం కాదు.

పాత డీజిల్‌ని బయట గ్యాస్ కిట్ వేయించి మార్చేద్దాం అని ఎవరైనా అంటే మూడు కాగితాలు అడగండి: ఆ మోడల్‌కి కిట్ అప్రూవల్, సిలిండర్ టెస్ట్ సర్టిఫికెట్, ఆర్సీలో ఫ్యూయల్ మార్పు ఎంట్రీ. మూడోది లేకపోతే యాక్సిడెంట్ జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చూసేది ఆ ఆర్సీనే.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు ఖాళీ బండి నడిపి వచ్చేయకండి. రాసిన పేలోడ్ ఎంతో అన్ని బస్తాలు వేయించమని అడగండి. గ్యాస్ మోడ్‌లోనే పెట్టి దగ్గర్లోని వంతెన మధ్యలో ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మళ్లీ కదపండి. నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టండి. రేపు నడిపేది ఆయనైతే స్టీరింగ్ ఆయనకే ఇచ్చి మీరు పక్కన కూర్చోండి.